నిరోష చేసిన కరెంటు బండి

జొన్నరొట్టె పెనం మీద పొంగుతుండగా ఫోన్ మోగింది. నిరోష చేతులకు పిండి అంటుకునేదాకా ఆగి మోగడం దానికి అలవాటు. ఆమె కొంగుకు వేళ్ళు తుడుచుకుని, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుంది.

"అక్కా, లైన్‌మన్ సారు లేడా? మోటరు బంద్ వడ్డది." ఊరి బయట వరి వేసిన హన్మండ్లు గొంతు.

"నీదొక్కటే పోయిందా అన్నా, పక్కోళ్ళయి గూడ పోయినయా?"

"పక్కోళ్ళయి మంచిగనే నడుస్తున్నయ్."

"గట్లయితే ఫ్యూజు కొట్టేసి ఉంటది. నువ్వు మాత్రం ముట్టకు. సారుకు చెప్త."

రొట్టె ఒకవైపు మాడింది. మాడిన రొట్టె ఎవరి పళ్ళెంలోకి పోవాలో ఆ ఇంట్లో ఎవరూ చెప్పనక్కర్లేదు. భర్త చక్రధర్ ఎల్లారెడ్డిలో లైన్‌మన్. స్తంభం మీద ఉన్నప్పుడు చేతులు ఖాళీ ఉండవు కదా అని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇంట్లో ఉండే ఈ ఫోన్ నంబరే ఇచ్చాడు. కరెంటు పోతే పలకాల్సింది నిరోషే, ఆలస్యమైతే తిట్లు తినాల్సిందీ నిరోషే. ఏ ఊరికి ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుందో, ఎవరికి ముందు పోవాలో, ఎవరు కాస్త ఆగగలరో ఆమే చూసి అతనికి చెబుతుంది. కరెంటు వచ్చాక "సారు మంచోడు" అని జనం అనేవారు. సారు మంచివాడే. అన్నం ముందు కూర్చుని నవ్వుతూనే అనేవాడు, "నీకేం రంది నిరోషా, నీడపట్టున కూసోని ఫోనెత్తుడే గదా!"

నిజానికి నిరోష కూడా కామారెడ్డి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివింది. చున్నీ నడుముకు బిగించుకుని స్తంభం ఎక్కడం నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఆడవాళ్ళను కూడా లైన్ మీదికి తీసుకుంటున్నారని తెలిసి, దరఖాస్తు పెడతానని అడిగింది. అత్త ముత్తవ్వ కందిపప్పు ఏరుతూ తలెత్తకుండానే అంది, "ఇంట్ల ఒక్కడు స్తంభమెక్కుడు సాలదా? ఇద్దరెక్కితే కింద ఎవలుంటరు?" కింద ఎవరుండాలో అందరికీ తెలుసు. ఆ రోజు నిరోష బాత్‌రూంలో నల్లా విప్పి ఏడ్చింది. తర్వాత కొన్నేళ్ళు కోపం వచ్చేది, గిన్నెలు గట్టిగా పెట్టేది. ఆ తర్వాత అదీ పోయింది. కూతురు అనూహ్యను గురుకులంలో దింపి వస్తున్నప్పుడు బస్సులో పక్క సీటావిడ కళ్ళు తుడుచుకుంటుంటే, నాకెందుకు ఏడుపు రావడం లేదని కిటికీ చువ్వను పట్టుకుని ఆలోచించింది. రాలేదు, అంతే. ఎవరైనా ఎట్లున్నవంటే బాగున్నానని చెప్పేది. అబద్ధమాడుతున్నానని కూడా అనిపించేది కాదు.

బండి సంగతి పోయిన ఎండాకాలం మొదలైంది. గాలిదుమారానికి స్తంభాలు పడిపోతే ఆఫీసు వాళ్ళు కామారెడ్డి నుంచి పెద్ద మరమ్మతు లారీని తెప్పించారు. అది కాస్తా పని మధ్యలో మొరాయించి, మెకానిక్కు దొరికేదాకా వీళ్ళ ఇంటి ముందే నిలబడింది. పసుపు రంగు లారీ. వెనక మడతపడి పైకి లేచే ఇనుప చెయ్యి, దాని చివర మనిషి నిలబడే తొట్టి, పక్కలకు పనిముట్ల పెట్టెలు, మీద నిచ్చెన. నల్లా దగ్గర గిన్నెలు తోముతూ నిరోష దాన్నే చూసేది. ఓ మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే, జాకెట్లు కుట్టే టేపు పట్టుకుని బయటికి వెళ్ళి లారీ చుట్టూ కొలిచింది. ఎందుకు కొలుస్తున్నావని అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. అదృష్టం బాగుండి ఎవరూ అడగలేదు.

అసలు బండిలో అడుగు తాను చేయబోయే బొమ్మ బండిలో ముప్పావు ఇంచు అనుకుంది. నూనె డబ్బా రేకు కత్తిరించి ఒళ్ళు చేసింది. అరిగిన హవాయి చెప్పులను గుండ్రంగా కోసి టైర్లు చేసింది. సైకిలు పుల్లలను వంచి నిచ్చెన మెట్లు, మిఠాయి డబ్బా మూతతో ముందు అద్దం, ఖాళీ దారపు రీలుకు రాగితీగ చుట్టి కేబులు చుట్ట. ఇనుప చెయ్యి లేవడమే బాగా ఏడిపించింది. మందుల షాపులో సిరంజిలు కొని, వాటి మధ్య సన్నగొట్టం బిగించి, నీళ్ళు నింపి నొక్కితే చెయ్యి సగం లేచి బద్ధకంగా పడిపోయేది. విప్పి మళ్ళీ బిగించేది. రేకు అంచుకు వేలు కోసుకుంటే, రక్తం చూశాక గానీ నొప్పి తెలిసేది కాదు. అయినా ఆ పని చేస్తున్నంతసేపు చేతులు తనవేనన్న జ్ఞానం ఉండేది, మిగతా రోజంతా అది కూడా ఉండేది కాదు. ముత్తవ్వ లేచి చూసి నుదురు కొట్టుకునేది. "ఆడిపిల్లలు బొమ్మలతోని ఆడుతరు, గాడిద లెక్క పెరిగినంక నీకేందమ్మా ఈ రేకుల పని? మిర్చి ఎండవెట్టినవా?" మిర్చి ఎప్పుడో ఎండబెట్టి ఉండేది. ఆ ఇంట్లో ఏ పనీ ఆ బండి వల్ల ఆగలేదు, ఆగి ఉంటే కనీసం దాని పేరైనా పదిమంది చెప్పుకునేవారు.

బండి పూర్తయ్యాక తొట్టిలో ఒక మనిషిని నిలబెట్టింది. తీగకు గుడ్డ చుట్టి చేసిన మనిషి. నెత్తిన హెల్మెట్, నడుముకు బెల్టు, వీపు మీద నల్లదారంతో అల్లిన జడ.

చక్రధర్‌తో పనిచేసే అతనొకడు టీ తాగడానికి వచ్చి, కుట్టుమిషను మీద ఉన్న బండిని చూసి నోరు తెరిచాడు. ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. పెద్ద సారు అరుణ్‌కుమార్ దాని కింద "శభాష్ చక్రధర్" అని రాశాడు. కొంతమంది దండాలు, కొంతమంది చప్పట్లు పెట్టారు. చక్రధర్ ఫోన్ అటూ ఇటూ తిప్పి, తిరిగి ఒక దండం పెట్టాడు. పొరపాటును దిద్దడానికి రెండు మాటలు చాలు. దండం పెట్టడం అంతకన్నా సులువు మరి.

అరుణ్‌కుమార్ సారుకు బదిలీ అయింది. కామారెడ్డిలో ఫంక్షన్ హాల్లో సన్మానం. శాలువా, దండ అందరూ ఇచ్చేవే, మన సెక్షన్ తరఫున ఆ బండి ఇద్దామని చక్రధర్ ఆఫీసులోనే మాట ఇచ్చి వచ్చాడు. నిరోష పాలు పొయ్యి మీద పెడుతోంది.

"నేను చేసింది గదా," అంది. కోపంగా కాదు, పాలు పొంగుతాయేమోనని గిన్నెను చూస్తూ.

"చేసినవ్, ఎవరు కాదన్నరు? నీదేంది నాదేంది నిరోషా, ఇంట్ల ఒక్కలు చేస్తే అందరు చేసినట్టే. సారు నా పేరు రాసిండాయె, ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ ఏంగావాలె?" చెప్పి, బండిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. మొదటిసారి అంత దగ్గరగా చూశాడు. "గీ తొట్టిల ఆడిమనిషి ఏంది? జడ గూడ ఏసినవా? నవ్వుతరు నన్ను. తీసెయ్."

నిరోష స్టౌ తగ్గించింది. బ్లేడు తెచ్చి జడ కోసింది. ఒక్క గాటుకు తొట్టిలోని ఆడమనిషి మగవాడైపోయాడు. ఇంత సులువా అనుకుంది. కోసిన దారాన్ని చెత్తబుట్టలో వేసి, అతనికి టీ వడపోసింది. చక్కెర సరిపోయిందని అన్నాడు.

సన్మానం రోజు చక్రధర్ మోటార్ సైకిల్ మీద ముందే పోయాడు. "నా బండి మీద అయితే దెబ్బ తాకుతది, నువ్వు బస్సుల ఒళ్ళ వెట్టుకొని రా. జర పైలం." నిరోష అత్తకు అన్నం, బీపీ గోళీ, మంచినీళ్ళు అందేచోట పెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చున్నీలో చుట్టిన బండిని ఒళ్ళో పెట్టుకుని కామారెడ్డి బస్సులో కూర్చుంది. కండక్టరు ఆడమనిషే. ఆధార్ చూసి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టిచ్చి, చున్నీ అంచు ఎత్తి చూసింది.

"అబ్బా, ఎంత ముద్దుగుందమ్మా! ఎవరు చేసిండ్రు?"

"మా ఆయన."

నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చేసింది. ఎవరూ బలవంతం చేయలేదు, చక్రధర్ అక్కడ లేడు, ముత్తవ్వ లేదు. కండక్టరు "మంచి పనోడే" అని ముందుకు వెళ్ళింది. నిరోష చేతులు చూసుకుంది. రేకు కోసిన గాట్లు, చూపుడువేలు గోరు కింద ఇంకా వదలని పసుపు పెయింటు. ఇన్నాళ్ళూ తాను చేసినదాన్ని వాళ్ళు తీసుకుంటున్నారనుకుంది. ఇప్పుడు తనే తీసి ఇచ్చింది, అడగకముందే. లింగంపేట దాటింది, తాడ్వాయి వచ్చింది, ఎవరెవరో ఎక్కారు దిగారు. ఆమెకు భయం వేసింది. చాలా రోజుల తర్వాత వేసిన భయం కనుక మొదట ఆకలేమో అనుకుంది.

హాలు గేటు దగ్గరే చక్రధర్ ఎదురొచ్చి బండిని అందుకున్నాడు. "నువ్వు వోయి ఆడోళ్ళ దిక్కు కూసో" అని, దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని మనుషుల మధ్య నుంచి స్టేజీ మీదికి పోయాడు. దారి పొడుగునా భుజాలు తట్టారు. నిరోష చివరి వరుసలో కూర్చుంది. ఎవరో వచ్చి దండలు విడదీయడానికి ఆడవాళ్ళు కావాలంటే లేచి వెళ్ళి విడదీసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది.

శాలువాలయ్యాక అరుణ్‌కుమార్ సారు మైకు పట్టుకున్నాడు. "నేను పోయినా ఒక్క మాట మరవకండి. ఎల్‌సీ. లైన్ క్లియర్. లైన్ మీద పనికి పోయేటోడు సబ్‌స్టేషన్‌కు చెప్పి, తన పేరు మీద కరెంటు బంద్ చేయించుకుంటడు. ఎవడి పేరు మీద తీసుకున్నమో వాడే కిందికి దిగి, వాడే వాపస్ ఇయ్యాలె, అప్పుడే కరెంటు ఇడుస్తరు. ఎంత దోస్తయినా, అన్నదమ్ముడైనా, ఒకడి పేరు మీద ఇంకొకడు ఇయ్యొద్దు. ఇస్తే మనిషి పోతడు." అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా చక్రధర్ కొట్టాడు.

కొట్టడా మరి? పోయిన వానాకాలం అతను స్తంభం మీద ఉండగానే, దిగిపోయాడనుకుని తోటివాడు అతని పేరు మీద ఎల్‌సీ వాపస్ ఇచ్చాడు. సబ్‌స్టేషన్ ఆపరేటరుకు ఎందుకో అనుమానమొచ్చి ఇంటికి ఫోన్ చేస్తే, "ఆయన దిగినంక నాకు ఫోన్ చేస్తడన్నా, ఇంక చెయ్యలే, కరెంటు ఇయ్యకు" అని చెప్పింది నిరోషే. ఆ సాయంత్రం అతను ఇల్లంతా అదిరిపోయేలా అరిచాడు. "నా పేరు మీద వాడెవడు ఇచ్చెటందుకు? పేరంటే ఏందనుకున్నడు? పేరంటే పానం!" తర్వాత ఆ కథ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. అందులో తోటివాడు ఉండేవాడు, ఆపరేటరు ఉండేవాడు, దేవుడు కూడా ఉండేవాడు. ఇంట్లో ఫోనెత్తినామె ఉండేది కాదు. అంటే ఇతనికి తెలుసు, అనుకుంది నిరోష. పేరు ఎవరిదో వారిదేనని, దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదని ఇతనికి బాగా తెలుసు. తెలియక చేశాడని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు కాళ్ళ కింది నుంచి జారిపోయింది. గిన్నెలు గట్టిగా పెట్టిన రోజులనాటిదేదో మళ్ళీ లేచింది. కోపమే. గుర్తుపట్టింది.

స్టేజీ మీద సారు బండి సిరంజి నొక్కాడు. ఇనుప చెయ్యి మెల్లగా లేచి, ఎక్కడా ఆగకుండా తొట్టిని పైదాకా ఎత్తి నిలబెట్టింది. హాలంతా ఈలలు. "ఎట్ల చేసినవయ్యా చక్రధర్!" అన్నాడు సారు. "డ్యూటీ అయినంక రోజింత కూసోని చేసిన సార్" అన్నాడు చక్రధర్. సారు మంచి మర్యాదస్థుడు, ఆడవాళ్ళ వరుసల వైపు చూశాడు. "మీ మిసెస్ వచ్చిండ్రట గదా? రండమ్మా, ఫొటోలో మీరు గూడ ఉండాలె. మీరు గూడ ఎంతో కొంత సాయం చేసే ఉంటరు."

నిరోష లేచింది. హాలు పొడుగు ఎక్కువనిపించింది. చక్రధర్ నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చాడు. ఎవరో మైకు నోటి ముందు పెట్టారు.

"లేదు సార్," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "సాయం ఆయన చేసిండు. గేటు కాడికెల్లి స్టేజీ దాకా ఎత్తుకొచ్చిండు. బండి చేసింది నేను."

ముందు వరుసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. చక్రధర్ "గదేం లేదు సార్, గిట్లనే మజాక్ చేస్తది" అని ఆమె మోచేయి పట్టుకున్నాడు. ఆమె మోచేయి విడిపించుకుంది. అరుణ్‌కుమార్ సారు బండినీ, ఆమె వేళ్ళనూ మార్చి మార్చి చూశాడు. నిరోష బండి కోసం చేతులు రెండూ చాపింది. వెనక్కి తీసుకోలేదు.

"ఇది ఇయ్యాల్నా వద్దా అని నన్నెవ్వరు అడగలే సార్."