స్మరాందా గురువారం

ఇస్త్రీపెట్టె చల్లగానే ఉంది. స్మరాందా దాన్ని కుడిచేత్తో పట్టుకుని, చెయ్యి భుజం ఎత్తుకు చాచి, వంటింటి గోడమీది పలకల్లో ఒకదాని మూలకు చూపు నిలిపి నిలబడింది. ఎడమచెయ్యి జేబులో ఉంది. ముప్ఫై వరకు పైకే లెక్కపెట్టి దించింది. ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తింది. పొయ్యిమీద కాఫీపాత్ర బుసకొట్టే వేళకు పదో విడత ముగియాలి. పదకొండేళ్ళుగా ఆ రెండూ ఒకేసారి ముగుస్తున్నాయి.

"ఎన్ని?" అని పక్కగదిలోంచి ఎత్తోరె అడిగాడు.

"పది."

"తొమ్మిదే విన్నాను. దొంగవి."

"మధ్యలో గురకపెట్టారు పెద్దాయనా. ఆ ఒకటి అందులో పోయింది."

స్మరాందా యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టి మెడ, వెడల్పాటి వీపు, మోకాళ్ళ దగ్గర వాచిన కాళ్ళు. ముంజేతులు మాత్రం ఎవరో పడుచువాడివి తెచ్చి అతికించినట్టుంటాయి. ఆ చేతులను ముసలాయన చంకల కిందికి పోనిచ్చి, తన మోకాలిని ఆయన మోకాలికి ఆనించి, ఒక్క ఊపులో లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఎత్తోరె ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫొర్లీ పట్టణంలో బస్సు నడిపినవాడు. నాలుగేళ్ళ కిందట పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది. ముసలివాళ్ళను చూసుకునే పనిలో స్మరాందాకు ఇది మూడో ఇల్లు. మొదటి రెండిళ్ళలోని ముసలమ్మలు ఆమె చేతుల్లోనే పోయారు.

రొమేనియాలో తమ ఊరి చక్కెరమిల్లు మూతపడ్డప్పుడు ఆమె రెండేళ్ళకని ఇటలీకి వచ్చింది. మిల్లులో బస్తాలు తూచేది; మిల్లు క్లబ్బులో పందొమ్మిదేళ్ళు గాలి పిస్తోలు కాల్చింది. పెద్ద బహుమతులేమీ రాలేదు. జిల్లాలో ఒకసారి మూడోస్థానం, మిగతా ఏళ్ళన్నీ ఏడో ఎనిమిదో. మిల్లుతో క్లబ్బు పోయింది, క్లబ్బుతో పిస్తోళ్ళూ పోయాయి. ఫొర్లీకి వచ్చిన రెండో నెలలో, ఇంకా భాష సరిగా పలకని రోజుల్లోనే, ఊరిచివర పిస్తోళ్ళు కాల్చే గురిశాల తలుపు తట్టి, కుడిచెయ్యి చాచి చూపుడువేలు మడిచి చూపించింది. లోపలివాళ్ళకు అర్థమైంది. ఎన్నాళ్ళుంటావని అడిగితే రెండు వేళ్ళు చూపించింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే కొన్నాళ్ళే ఉంటానంటుంది. ఆమె పెట్టె ఇప్పటికీ మంచం కిందే ఉంటుంది. గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదు.

పదిగంటలకు ఓర్నెల్లా వచ్చింది. ఎత్తోరెకు ఒక్కతే కూతురు, మందులదుకాణంలో పని. కోటు విప్పకుండానే బల్లమీద ఒక ఉత్తరం పెట్టింది.

"పోస్టుపెట్టెలో ఉంది. నాన్నకేమో అనుకుని చించాను. ఏమిటిది? తుపాకుల క్లబ్బా?"

"సభ్యత్వం కాయితం. ఏటేటా వస్తుంది."

"నాలుగేళ్ళుగా మా నాన్న పక్కన తుపాకీ పట్టే మనిషి పడుకుంటోందా? నాకొక్క మాటైనా చెప్పాలనిపించలేదా నీకు?"

"తుపాకీ అక్కడే బీరువాలో ఉంటుందమ్మా. నేను పట్టేది గురువారం. మీ నాన్నగారిని లేపేది కూడా ఆ చేత్తోనే. ఏనాడైనా జారిందా?"

ఓర్నెల్లా ముఖం ఎర్రబడింది. ఆమె దుర్మార్గురాలు కాదు. తల్లి పోయిన దగ్గరనుంచి రాత్రి ఫోను మోగితే చాలు ఆమె గుండె జారిపోతుంది.

"గురువారం పార్కుకి పో, చర్చికి పో, సినిమాకి పో. ఎవరొద్దన్నారు? ఇది మాత్రం కుదరదు. ఇవాళ వెళ్ళావంటే, సాయంత్రం పెట్టె సర్దుకో."

"ఇవాళ గురువారం," అంది స్మరాందా. ఉల్లిపాయ తరగడానికి వెళ్ళింది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి, వారపు సెలవు పూట, ఫొర్లీలోని సగం ఇళ్ళ తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి. ముసలివాళ్ళను చూసుకునే ఆడవాళ్ళంతా బయటికి వస్తారు; పార్కు బెంచీలమీద రొమేనియా, మోల్దోవా, ఉక్రెయిన్ పక్కపక్కన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతాయి. స్మరాందా వాళ్ళ ముందునుంచే నడవాలి.

"అదిగో, సైన్యం బయల్దేరింది," అంది మోల్దోవా రైసా. "ఏమే, ఇంకా ఎన్నాళ్ళు నేర్చుకుంటావు? మొగుణ్ని కాల్చడానికి ఇంత చదువు కావాలా?"

"నాది పది మీటర్లే పోతుందే. వాడు రెండువేల కిలోమీటర్ల అవతలున్నాడు."

"అయితే వాడి అదృష్టం." రైసా జరిగి చోటిచ్చింది. "కూర్చోవే ఒక్కరోజు. ముఖం బాగాలేదు."

"మీ ఇంట్లో సోఫా ఖాళీయేనా?"

రైసా నోట్లోని గింజ కొరకడం మానింది. "ఖాళీయే. స్ప్రింగు పొడుస్తుంది."

"పొడవనీ," అని స్మరాందా నడిచింది.

గురిశాల కాపరి గాస్పరె బీరువాలోంచి ఆమె ఎప్పుడూ వాడే పిస్తోలు తీసి ఇచ్చాడు. దాని పిడి, ఆమె అరచేతికి సరిపోయేలా ఏళ్ళ కిందట అతనే ఆకురాయితో అరగదీసిన చెక్క. ఆమె పక్కకు తిరిగి నిలబడి, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, సీసపు గుళిక ఎక్కించి, చెయ్యెత్తింది. అయిదు కాల్చింది. గాస్పరె దూరదర్శినిలో చూసి నాలుక చప్పరించాడు.

"ఎవరితో పోట్లాడి వచ్చావు?"

"ఎవరితోనూ లేదు."

"అన్నీ కిందికీ ఎడమకీ పోతున్నాయమ్మా. పిస్తోలును గుంజుతున్నావు. కోపంతో వచ్చినవాళ్ళందరూ అక్కడే కొడతారు. మా ఆవిడతో గొడవైతే నావీ అక్కడే."

స్మరాందా పిస్తోలును బల్లమీద పెట్టి వెనక్కి జరిగింది. అరచెయ్యి తెరిచి చూసుకుంది; చెక్క గళ్ళు ఎర్రగా అచ్చుపడ్డాయి. పొద్దున ఓర్నెల్లా నోరు తెరిచినప్పటినుంచీ ఆ చెయ్యి బిగిసే ఉందని అప్పుడు తెలిసింది. ఉల్లిపాయ తరిగినప్పుడూ బిగిసే ఉంది, రైసాతో నవ్వినప్పుడూ బిగిసే ఉంది. క్షమించండమ్మా, ఇక వెళ్ళను అనే మాటొకటి గొంతు వెనకాల సిద్ధంగా పెట్టుకునే ఆమె ఇక్కడిదాకా నడిచి వచ్చింది. ఆ మాట అంటే ముసలాయన మిగులుతాడు, మంచం మిగులుతుంది. ఆమె వారంలో ఆమెదంటూ ఏదీ మిగలదు.

ఆ మాటను అక్కడే వదిలేసింది. అది పెద్ద కష్టమనిపించకపోవడం ఆమెకే వింతగా తోచింది.

తర్వాతివి పదికి తొమ్మిదులు, ఎనిమిదులు, నడుమ రెండు పదులు, చెయ్యి అలసినచోట ఒక ఏడు. ఇప్పుడు ఆడవాళ్ళకు కూడా పోటీలో అరవై గుళికలు అంటారు. స్మరాందా మిల్లు రోజుల్లోలాగా నలభై కాల్చి, ఇంకెవరు ఏమన్నా నాకు నలభయ్యే అన్నట్టు పిస్తోలు తుడిచి అప్పగించింది.

ఆరున్నరకు ఇంటికి వచ్చి, వంటింటి బల్లముందు కూర్చుని ఏదో రాసింది. తర్వాత పెట్టె మంచం కిందనుంచి లాగింది. సర్దడానికి పావుగంట చాలింది.

"వెళ్ళావా?" అని ఓర్నెల్లా గుమ్మంలోంచి అడిగింది.

"వెళ్ళానమ్మా."

ఓర్నెల్లా ఈ జవాబు ఊహించలేదు. "పిచ్చా నీకు? నీడ పోగొట్టుకుంటావా దీనికోసం?"

"ఈ ఊళ్ళో ముసలివాళ్ళకు కొదవా అమ్మా? నీడ దొరుకుతుంది."

ఎత్తోరె అంతా విన్నాడు. ఆమె వంగి దుప్పటి సర్దుతుంటే ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పోతున్నావా పిల్లా?"

"పోతున్నా."

"నాకేం బాగుండదు."

"తెలుసు. నాకూ బాగుండదు."

ఆయన పైకప్పు చూస్తూ అన్నాడు. "టైమైతే బండి కదిలించాలి. ఎక్కాల్సినవాడు ఇంకా పరిగెత్తుకొస్తున్నా సరే. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే చేశాను. అద్దంలో చూసేవాణ్ని, అంతే." మణికట్టు వదిలాడు. "అద్దంలో చూడు, చాలు."

గుమ్మం దగ్గర ఆగి ఆమె ఒకసారి వెనక్కి చూసింది. తలుపు చప్పుడు చెయ్యకుండా మూసుకుంది.

తండ్రికి రాత్రి మాత్ర ఏదో తెలియక ఓర్నెల్లా వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ తలుపుమీద, నిమ్మకాయ బొమ్మ అయస్కాంతం కింద, రాబోయే మనిషి కోసం పెద్ద అక్షరాలతో రాసిన కాయితం వేలాడుతోంది. వారానికి ఏడు గళ్ళు. మాత్రలు, మూత్రం సంచి, పులుసులో ఉప్పెంత, ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఏ పాట పెడితే ముద్ద మింగుతాడు. ఎక్కడా కొట్టివేత లేదు. గురువారం గడిలో మాత్రం మాత్రలు లేవు, పులుసు లేదు; కలం కాయితానికి అవతలిపక్క కూడా తేలేంత గట్టిగా ఒకే వాక్యం ఉంది: "రెండు నుంచి ఏడు వరకు సమయం ఈ ఇంట్లో పనిచేసే మనిషి సొంతం; ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగకూడదు."