చెప్తానన్న కథ

“అంతా బాగానే ఉంది గానీ, చివర్లో ఆ మొగుడు మరీ రాక్షసుడిలా ఉన్నాడు. నలుగురూ నన్నే అనుకోరూ?”

ఆరిన బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగాయి. మంచం మీద పడుకుని భర్త చదువుతున్నది ఆమె మొదటి షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు. కుక్కర్ కూతకూ కూతకూ మధ్య, వంటగట్టు మీదే కాగితాలు పెట్టుకుని రాసుకున్నది. చివరి సీనులో భార్య జ్వరంతో పడుకుని ఉంటే, భర్త గుమ్మంలో నిలబడి “అయితే ఈ పూట వంట లేనట్టేనా?” అంటాడు. ఆమె లేచి పొయ్యి వెలిగిస్తుంది. అంతే. ఆ మాట పొల్లుపోకుండా అతనిదే. అన్న సంగతి అతనికి గుర్తులేదు. గుర్తుచేయడానికి ఆమెకు నోరు రాలేదు. కెమెరా ఇస్తానన్నది అతని స్నేహితుడు మరి! మొత్తానికి ముగింపు మారింది. సినిమాలో మొగుడు భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూసి, టీ కాచి తెచ్చి ఇచ్చాడు.

ఆ టీ ఎక్కడలేని పేరూ తెచ్చింది. లక్షలమంది చూశారు. మొగుడంటే ఇలా ఉండాలని ఒకటే పొగడ్తలు. “నన్ను చూసే రాసింది లెండి,” అని భర్త ఆఫీసంతా చెప్పుకు తిరిగాడు. వంటసామాన్లు తయారుచేసే కంపెనీవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, ఇలాంటివే ఇంకా తీసిపెట్టమన్నారు. తీసింది. పొద్దున్నే రెండు పూటలకూ వండిపెట్టి, గిన్నెలు తోమి, షూటింగుకు పరుగెత్తి, గరిటె పట్టుకోవడం రాని నటుడికి గరిటె పట్టుకోవడం నేర్పేది. “ఇంట్లో సారు కూడా ఇలాగే వండిపెడతారా మేడమ్?” అని ఒకసారి అతను అడిగితే యూనిట్టంతా చెవులు రిక్కించింది. “ఆఁ, ఇలాగే,” అంది. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుని, ఇంటికి వెళ్ళే బస్సులో తనంటే తనకే రోత పుట్టింది.

మొదటి సినిమా చూసిన రోజునే అత్తగారు ఫోను పక్కన పెట్టి, “జ్వరమొస్తే టీ ఇచ్చే మొగుణ్ణి ఎక్కడ చూశావే?” అంది.

“సినిమా కదా అత్తయ్యా.”

“నా కథొకటుంది. చెప్తాను, తీస్తావా?”

“తప్పకుండా. ఈ షూటింగు ఒక్కటీ కానివ్వండి.”

అది అయింది, ఇంకోటి మొదలైంది. ఆమె గడప దాటగలిగిందంటే వెనకాల అత్తగారు కూరలు తరుగుతూ, మనవరాలికి తల దువ్వుతూ ఉండబట్టే. కొన్నాళ్ళు “తీరిందా?” అన్నట్టు చూసేది. తర్వాత ఆ చూడటమూ మానేసింది. ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు “నోరు మెదపని ఇల్లాలు” అన్నారు. మెదపకపోవడమేం? మెదిపింది. విననిది తను.

నెల తిరక్కుండానే భర్త అన్నాడు: “అమ్మ మీద సినిమా తియ్యి. ఓపిక, త్యాగం, అన్నీ పెట్టు. చివర్లో నాన్న ఆమె ఫోటో ముందు నిలబడి భోరుమంటాడు. చూసినవాళ్ళు ఏడవకుండా ఉండలేరు.”

“ఆవిడ కథ నాకు తెలియదండీ.”

“పదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు, తెలియకపోవడమేంటి?”

“ఉన్నాం. నేను అడగలేదు.”

మర్నాడు పొయ్యి వెలిగించకుండానే, చిన్న కెమెరా సంచిలో వేసుకుని అత్తగారి చెల్లెలింటికి వెళ్ళింది. చిన్నత్తయ్య ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి తల దించుకుంది.

“మా అక్క ఒకసారి ఇల్లొదిలి వచ్చేసింది. నీ మొగుడు అప్పుడు చంకలో ఉన్నాడు. టైపు నేర్చుకుని ఉద్యోగం చూసుకుంటానంది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. అక్క కాపురం వదిలేసిందంటే నన్నెవరు చేసుకుంటారని, కాళ్ళావేళ్ళా పడి నేనే వెనక్కి పంపాను. వెళ్ళేటప్పుడు నా వంక చూడను కూడా లేదు.”

ఈ మాటలు అత్తగారి నోట వినాల్సినవి. ఎక్కడ ఆగేదో, ఎక్కడ నవ్వేసేదో, ఎంత గొప్ప నటి వచ్చినా ఇక చూపించలేదు.

సంచిలోంచి కెమెరా పైకి రావడం చూసి చిన్నత్తయ్య కంగారుపడింది.

“ఇది తీస్తావా ఏంటి? అందరూ నన్ను తిట్టిపోస్తారమ్మా. తనే మనసు మార్చుకుని వెళ్ళిందని పెట్టు. చివర్లో కాస్త మారిస్తే ఏం పోయింది?”

ఆ ముసలి చేతిని ఆమె తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“మార్చను చిన్నత్తయ్యా. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి.”