కుట్టు దగ్గర ఆగిన మడత

ఆ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు చూసి నేర్చుకుంటాయి. పొద్దున్నే మడతలక్క ఒకదాన్ని నీటుగా మడిచి అరలో పెట్టి టీకి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి పక్కవన్నీ అలాగే మడుచుకుని బుద్ధిగా కూర్చుని ఉంటాయి. అక్కడెవరికీ అదో వింత కాదు. "కొత్తవి ఉత్త మొద్దులు, పూటంతా పడుతుంది" అని ఇస్త్రీ బాబాయ్ సణుగుతాడంతే.

అక్క దిగులు వేరు. తల్లీ, పెద్దమ్మా ఒకే మతిమరుపు జబ్బుతో పోయారు. ఈమధ్య తనకీ తెలిసిన మాటలే నోటికి అందడం లేదు. డాక్టరమ్మ దాచకుండా చెప్పేసింది.

"మెదడులో ఒక ప్రొటీను తప్పుగా మడతపడి, పక్కదాన్నీ తనలాగే మడిచేస్తుందమ్మా. వైరస్‌కైనా లోపల జన్యువులుంటాయి, దీనికి అవీ లేవు, వట్టి ఆకారమే. అయినా రెండిటికీ సూత్రం ఒకటే. బోలెడు రకాలు పుడతాయి, వాటిల్లో గట్టిగా నిలబడి త్వరగా వ్యాపించేదే మిగులుతుంది."

"మందుందా?"

"ఇంకా లేదు."

"లేకపోతే పీడాపోయింది. నేను మాత్రం ఊరికే లొంగను" అని లేచొచ్చేసింది.

ఆ వారమే కొంప మునిగింది. దుప్పటి మడుస్తుంటే అక్క చెయ్యి మధ్యలో దారి మర్చిపోయింది. దుప్పటి కాస్తా మెలితిరిగి ముడిలా తయారైంది. మధ్యాహ్నానికి అరలో సగం మెలికలే! ఉడకబెట్టారు, ఇస్త్రీపెట్టెతో నొక్కారు. ఊహూ, విడిపోతేనా!

"అన్నీ తగలబెట్టండి. అక్కనీ రేపట్నుంచి ఇంట్లో కూర్చోమనండి" అన్నాడు సూపర్‌వైజర్.

అక్క అరకి అడ్డంగా నిలబడింది. "నన్ను దాటి వెళ్ళి తగలబెట్టు, చూద్దాం!"

ఆయన ఒకడుగు వెనక్కి వేయగానే అక్క దుప్పట్లన్నీ తడిమి చూసింది. మెలిక ఒకచోట ఆగిపోయింది. అక్కడున్నది ఎప్పుడో చిరిగితే నడిమధ్యన కుట్టేసిన పాత దుప్పటి. కుట్టు దగ్గర బిరుసు, మెలితిరగదు. దాని వెనకున్నవన్నీ క్షేమం.

"చూశావా బాబాయ్, చిరుగుల దుప్పటే అడ్డుపడింది!"

"నీ చుట్టమేమో. చెప్పినమాట వినదు."

అక్క సూదీ దారం తీసి, బాగున్నవాటన్నిటికీ నడిమధ్యన అదే కుట్టు వేసింది. మెలికపడినవి బాగుపడలేదు గానీ, ఆపైన ఒక్కటీ చెడలేదు. అలసిపోయి అరకి తల ఆనించి చిన్న కునుకు తీసింది.

దుప్పట్లేమో ఇదంతా చూస్తూనే ఉన్నాయాయె.

లేచేసరికి చెవి వెనక ఏదో గరుగ్గా తగిలింది. "ఏంటిది బాబాయ్?"

"కుట్టు. తెల్లదారం. కాస్త వంకరగా వచ్చింది. దుప్పట్లకి మొదటిసారి కదా, పాపం!"

కొన్నాళ్ళకి డాక్టరమ్మ పరీక్షలన్నీ మళ్ళీ చేయించి, ఫిల్ములు వెలుగులో పెట్టి తిప్పితిప్పి చూసింది. "జబ్బు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పోయినవి మాత్రం తిరిగిరావమ్మా."

"పోయినవి పోనివ్వండి" అంటూ అక్క సంచీ భుజాన వేసుకుంది. "మిగిలినవాటి మీద చెయ్యి వెయ్యమనండి, చెప్తాను దాని సంగతి!"