అడిగింది, అంతే

ఆసుపత్రి దుప్పట్లు మడవడానికి ఇద్దరు కావాలి. ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒకరి వైపు ఒకరు నడవాలి. పదకొండేళ్లుగా నా ఎదుట నిలబడేది మా మరదలే. మా తమ్ముడు పోయాక ఆమెను ఈ పనిలో పెట్టించింది నేనే. అంతకుముందు నాకు జోడీగా ఉన్న ముగ్గురూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అందుకే మరదలిని ఆఫీసు గదిలోకి పిలిస్తే చాలు, నా గుండె దడదడలాడుతుంది.

ఆ ఉదయం ఇద్దరినీ పిలిచారు. మేనేజరు ఒక కాగితం నా ముందుకు తోశాడు.

"పెద్దమ్మా, సాక్షి సంతకం పెట్టు. ఇంగ్లీషులో ఉందిలే, నీకెందుకా గొడవ."

కళ్లజోడు పెట్టుకున్నాను. బడి మొహం చూడలేదు కానీ, ఒక పాత ఇంగ్లీషు డిక్షనరీని అట్టలూడేదాకా చదివినదాన్ని. నిన్న ఉతికిన దుప్పట్ల బుట్టను కాలితో తన్నింది సూపర్‌వైజరు. కాగితంలో మాత్రం మా మరదలే అతన్ని 'ప్రొవోక్' చేసిందనీ, అందుకే ఆమెను తీసేస్తున్నామనీ ఉంది.

"ఈ మాట తప్పు బాబూ. 'అనాయ్' అని రాయండి, ఒప్పుకుంటాను. చెవి దగ్గర దోమ లాంటిది. ఫ్యాను బాగుచేయించమని రోజూ అడిగేది కదా."

"నేను దోమనా వదినా?" అంది మరదలు.

"నువ్వుండవే! 'ఇరిటేట్' అన్నా సరే, మెడకి గుచ్చుకునే కాలరు లాంటిది. 'టీజ్' కూడా చేసింది. సూపర్‌వైజరు గారి గదిలో ఫ్యాను మాత్రం కొత్త పెళ్లికొడుకులా తిరుగుతోందని అంది."

"అన్నీ ఒకటేగా!" అన్నాడు మేనేజరు.

"ఎలా ఒకటవుతాయి? 'ప్రొవోక్' అంటే కావాలని రెచ్చగొట్టి తన్నించడం. అలా రాస్తే తప్పు తన్నిన కాలిది కాదు, అడిగిన నోటిదవుతుంది."

పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేశాను. పైన 'అడిగింది' అని ఇంగ్లీషులోనే రాసి, కింద సంతకం పెట్టాను.

మేనేజరు మొహం కందగడ్డయింది. "కాగితం పాడుచేశావు కదా! రేపట్నించి నువ్వూ రావద్దు. ఇద్దరూ ఇంటికే!"

ఇద్దరూ అన్న మాట చెవినపడగానే నా గుండెదడ ఆగింది.

"పదవే," అన్నాను మరదలితో.

బయట దుప్పట్లు నడుమెత్తు కుప్పగా ఉన్నాయి. గుమ్మం దగ్గర ఆగి మేనేజరు వైపు తిరిగాను.

"ఒక్కరే మడవలేరు బాబూ. రెండో కొసకి సూపర్‌వైజరు గారిని పిలుచుకోండి."