కాల్చి చూడని నూలు

మనిషి భయపడేది తాను చేసిన తప్పుకా, లేక ఆ తప్పును నలుగురి ముందూ ఒప్పుకోవలసి రావడానికా? మగ్గం ముందు కూర్చున్న నేతగాడు తనను తాను ఈ ప్రశ్న వేసుకుని, జవాబు వచ్చేలోపే దాన్నుంచి ముఖం తిప్పుకున్నాడు. అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆవగింజంత నల్లటి పూస ఒకటి ఉంది. నలిపితే నలగలేదు. గోటితో నొక్కితే లొంగలేదు.

నిమిషం క్రితం అది జానెడు తెల్లటి నూలుపోగు.

ఆ ఇంట్లో ముందుగదిలో మగ్గం, మధ్యగదిలో అక్క కుట్టుమిషను, వెనక వసారాలో నీలిమందు తొట్టి. వాళ్లు నేసేది డెనిమ్. నిలువునా సాగే పడుగు నూలును పన్నెండుసార్లు నీలిలో ముంచి, ముంచిన ప్రతిసారీ గాలికి ఆరనిచ్చి, అడ్డంగా తెల్లటి పేక వేసి నేస్తే రోజంతటికీ నాలుగు మీటర్లు దిగితే గొప్ప. కొత్త నూలు వచ్చినప్పుడల్లా ఒక పోగు తెంచి అగ్గిపుల్లతో కాల్చి చూడడం తండ్రి పెట్టిన నియమం. పత్తి అయితే కాగితం కాలిన వాసన వేస్తుంది. వేళ్ల మధ్య మెత్తటి బూడిదై రాలిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి, ముద్దకట్టి, గట్టిపడుతుంది. ఆ బూడిద మెత్తదనం వేలికి తెలిశాకే నూలు మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలోకి ఎక్కాలి.

పది రోజుల క్రితం, బట్ట సగంలో ఉండగా పేక నూలు చాలక కొత్త పెట్టె తెప్పించారు. పెట్టె మీద పత్తికాయ బొమ్మ ఉంది. ఆ పొద్దున బావ టీ గ్లాసుతో మగ్గం పక్కన నిలబడి, "బావమరిదీ, ఈ బట్ట మాకా, మా మనవళ్లకా?" అన్నాడు. అక్క పకపకా నవ్వింది. ఇరవై ఏళ్లుగా వింటున్న వేళాకోళమే. ఆ రోజు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. తన నెమ్మది చేతకానితనం కాదని ఒక్కసారి చూపించాలనిపించింది. బొమ్మను నమ్మి నూలు ఎక్కించాడు. పోగు కాల్చి చూడడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం మిగుల్చుకుని అతను ఏం చేసుకున్నాడు? టీ తాగాడు, అంతే.

ఈ రోజు కొత్త బట్ట మొదలుపెట్టబోతూ, తీరిక ఉంది కదా అని అదే పెట్టెలోని పోగు వెలిగించాడు.

బావ పనిచేసేది ఇనుము పోతపోసే ఫౌండ్రీలో. పోయిన ఏడాది అక్కడ ఒకతని పిక్క మీద గరిటెడు కరిగిన ఇనుము చిందింది. అతని ఒంటి మీద ఉన్నది బజారులో కొన్న ప్యాంటు. గుడ్డ కాలి రాలిపోలేదు; కరిగి చర్మానికి అతుక్కుంది. దాన్ని విడదీస్తున్నప్పుడు ఆసుపత్రి వరండాలో నిలబడి ఆ కేక విన్నవాళ్లలో నేతగాడు ఒకడు. ఆ తరువాతే బావ, మరో ఆరుగురు కొలిమి మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. "సోకుల కోసం కాదు," అన్నాడు వారిలో పెద్దవాడు. "నిప్పు పడితే బొగ్గయి రాలిపోయే గుడ్డ కావాలి. మీ ఇంటి బట్ట అలాంటిదని విన్నాం." అంతకు మించిన మెప్పు నేతగాడి బతుకులో మరొకటి లేదు.

ఏడు ప్యాంట్లు నిన్ననే వెళ్లాయి. ఏ ప్యాంటు పాత నూలుదో, ఏది కొత్తదో చెప్పలేడు. ఈ రోజు పదకొండింటికి పెద్ద పోత. గడియారంలో పదీ ఇరవై అయింది.

అతను పూసను గుప్పిట్లో మూశాడు. భయంలోనూ బుద్ధి చురుకుగానే పనిచేసింది, కాని పనిచేసింది తన కోసమే. రోజూ చిందుతుందా ఏం? ఏడాదికోసారి. సాయంత్రానికి ప్యాంట్లన్నీ ఏదో సాకుతో వెనక్కి తెప్పిస్తే ఎవరికీ తెలియదు.

"అక్కా," అన్నాడు మధ్యగది గుమ్మంలో నిలబడి. "సాయంత్రం ఆ ఏడు ప్యాంట్లూ తెప్పించాలి. గుండీలు కాస్త వదులుగా ఉన్నట్టున్నాయి."

మిషను ఆగింది. "నా గుండీలా? ఏనుగును కట్టినా ఊడవురా నా గుండీలు! ఎవడన్నాడా మాట? మీ బావేనా?"

"ఎవరూ అనలేదు. నాకే అనిపించింది."

"మగ్గం దగ్గర కూర్చున్నవాడికి గుండీల మీద అనుమానమెందుకొచ్చిందిరా? అసలా మొహమేంటి, పీక్కుపోయి? ఏదీ, చెయ్యి చూపించు."

గుప్పిట తెరిచాడు. ఆమె పూసను తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. ఆ ఇంట్లో పుట్టిన మనిషికి వేరే చెప్పనక్కరలేదు.

"ఏ నూలు ఇది?"

"సగం నుంచీ వేసింది."

"కాల్చి చూడలేదా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఫోన్ అందుకుంది. కొలిమి దగ్గరికి ఎవరూ ఫోన్లు తీసుకెళ్లరు. ఆఫీసు నంబరు మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు.

"ఇంకా నిలబడ్డావేంట్రా? పో! సైకిలు తీసుకుని పో!"

దారి పొడవునా అతనికి తన ఊపిరి తప్ప మరేమీ వినిపించలేదు. ఎదురుగా వచ్చే ప్రతివాడి కాళ్లనే చూశాడు. గుడ్డ వెనక పిక్క, పిక్క మీద చర్మం. ఇన్నేళ్లూ తాను నేసింది బట్ట అనుకున్నాడు. నిజానికి నేసింది ఒక హామీ. కొన్నవాడు దాన్ని చూడలేడు, తడమలేడు. తొడుక్కుని నిప్పు ముందు నిలబడతాడు, అంతే. తాను మిగుల్చుకున్న అర నిమిషం తనది కాదు, వాళ్లది.

ఫౌండ్రీ గేటు దగ్గర కాపలాదారు అడ్డం వచ్చాడు. "ఏంటి నేతగారూ, ఇంత ఎండలో? లోపల పోత మొదలెడుతున్నారు. ఇప్పుడెవర్నీ వదలకూడదు."

"బావతో ఒక్క మాట. ఇంట్లో బాగాలేదు."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని అతనికి ఇంకా భయం వేసింది. కాపలాదారు పక్కకు తొలిగాడు.

లోపల వేడి ముఖానికి కొట్టింది. కొలిమి ముందు ఏడుగురూ బారుగా నిలబడి ఉన్నారు. ఏడు జతల కాళ్లు, ఒకే ముదురు నీలం. బావ చేతిలో పొడుగాటి ఇనుప గునపం ఉంది. దానితో కొలిమి నోటికి పెట్టిన మట్టి బిరడా పొడిస్తే కరిగిన ఇనుము బయటికి వస్తుంది. ఒకసారి వచ్చిందా, తొట్టి నిండేదాకా ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఏరా బావమరిదీ!" బావ గట్టిగా పిలిచాడు. "నీ బట్ట చూసి మురిసిపోదామనొచ్చావా? చూస్కో, ఏడుగురు పెళ్లికొడుకులం!"

మిగతావాళ్లు గొల్లుమన్నారు. "ఒక్క ప్యాంటుకు నెల పట్టింది గానీ, మామగారు కూడా ఇంత బాగా కుట్టించలేదు," అన్నాడొకడు.

నేతగాడు నవ్వబోయాడు, ముఖం సహకరించలేదు. బావను పక్కకు పిలిచి చెవిలో చెప్పాలని దారిలోనే అనుకున్నాడు. బావ నమ్ముతాడు, గుట్టుగా మార్చుకుంటాడు. కాని మిగతా ఆరుగురి చెవిలో ఎవరు చెబుతారు? వాళ్లలో ఒకడు తన పేరైనా సరిగా ఎరగడు; ఎరగకుండానే నమ్మాడు.

"మాటలు తరువాత," అన్నాడు మేస్త్రీ, చెయ్యి పైకెత్తి. "అందరూ జాగాల్లోకి. గునపం పెట్టు."

బావ అద్దాలు కళ్ల మీదికి లాక్కున్నాడు. గునపం మొన బిరడాకు ఆనింది.

స్తంభానికి ఆపుగంట తాడు వేలాడుతోంది. మేస్త్రీ తప్ప మరొకరు ముట్టకూడనిది. దానికీ తనకూ మధ్య నాలుగు అడుగులు. ఇప్పుడు వెనక్కి తిరిగి వెళ్లిపోతే బహుశా ఏమీ జరగదు. ఆ 'బహుశా'తో తాను ఎన్నాళ్లు మగ్గం ముందు కూర్చోగలడు?

నాలుగు అడుగులూ వేశాడు. తాడును రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగాడు. గంట షెడ్డంతా దద్దరిల్లేలా మోగింది. గునపం ఆగింది. అందరి ముఖాలూ అతని వైపు తిరిగాయి.

"ప్యాంట్లు విప్పేయండి!" అని అరిచాడు. "ఏడుగురూ! పేకలో పాలిస్టర్ ఉంది. కాల్చి చూడకుండా వేసింది నేనే!"