పుల్ల తెచ్చినవాళ్ళకే మొదటి అంటు

తిరువూరులో మా మామిడి నర్సరీకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా తమ తోటలోని మంచి చెట్టు నుంచి పుల్ల తెచ్చి అంటు కట్టమంటే, ఎన్ని బతికినా మొదటి మొక్క వాళ్ళకే ఇస్తాం. ముప్పై ఏళ్ళుగా నేల మీద కూర్చుని అంట్లు కడుతున్నాను. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

కూర్చుని కూర్చుని మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది. 2005లో విజయవాడ డాక్టరు ఆపరేషన్ చేసి స్టీలు కీళ్ళు వేస్తానన్నాడు. అవి వేస్తే ఇక కింద కూర్చోకూడదట. కూర్చోకపోతే అంట్లు ఆయన వచ్చి కడతాడా?

అప్పుడే మా చెల్లెలి కూతురు వినీల వచ్చింది. హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తుంది.

"పెద్దమ్మా, నీ పొట్ట దగ్గర కొవ్వు కొంచెం ఇస్తావా? అందులోని కణాలతో గుజ్జు పెంచుతున్నాం."

"అయితే పుల్ల నాదన్నమాట. మొదటి మొక్క నాకేగా?" అన్నాను.

వినీల నవ్వి నా భుజం మీద చెయ్యేసింది. నాకదే చాలు. హైదరాబాదు వెళ్ళి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, కొవ్వు తీయించుకుని వచ్చాను. ఆపరేషన్ వద్దని డాక్టరుకు చెప్పేశాను. రెడ్డిగూడెం నుంచి మొక్కలకొచ్చిన రైతులందరికీ నా గుజ్జు హైదరాబాదులో పెరుగుతోందని గొప్పగా చెప్పుకున్నాను.

ఏడాదిన్నర గడిచింది. ఈలోగా ఎడమ మోకాలు వంకరపోయింది. ఆ రోజు షెడ్డులో అంట్లు కడుతుంటే వినీల వచ్చి పక్కన కూర్చుంది. ఫోటో చూపించింది. గాజుగిన్నెలో లేత కొబ్బరి లాంటి తెల్లటి ముక్క, శనగగింజంత ఉంది.

"అందరికంటే నీ కణాలే బాగా పెరిగాయి పెద్దమ్మా. ఇంకోసారి కొవ్వు ఇవ్వాలి."

"మరి ఇది నా మోకాలికి ఎప్పుడు వేస్తారు?"

"మనుషులకి ఇంకా వెయ్యట్లేదు. పల్చగా కోసి, రంగేసి, మైక్రోస్కోపులో చూశాం. నువ్వు సంతకం పెట్టిన కాగితాల్లో అదే ఉంది."

"కాగితం సంగతి తర్వాత. నేను పుల్ల మాట అన్నప్పుడు ఎందుకు నవ్వి ఊరుకున్నావు?"

వినీల తల వంచుకుంది. "నిజం చెబితే ఇవ్వవేమోనని."

నాకు ఒళ్ళు మండిపోయింది. పరాయివాళ్ళు మోసం చేస్తే తిట్టి మర్చిపోయేదాన్ని. ఇది నా చేతుల్లో పెరిగిన పిల్ల.

"నీ చదువుకి కావాలంటే ఊరికే ఇచ్చేదాన్ని కదే," అన్నాను.

కత్తి పక్కన పెట్టి లేవబోయాను. వినీల చెయ్యి అందించింది. నేను షెడ్డు గుంజ పట్టుకుని లేచాను.