విటమిన్ చుక్కల పరపతి

మా గోల్‌మురి ఉక్కు కంపెనీ క్వార్టర్ల లైనులో టానిక్కుకి ఉన్న పరపతి దేవుడికి లేదు. ఈ మాట నేనంటే 'కిరస్తానీ పంతులమ్మ, అందుకే అంటోంది' అంటారు గానీ, ఏ ఇంట్లోకైనా వెళ్ళి చూడండి. అద్దాల బీరువాలో పై అర టానిక్కు సీసాలది, కింది అర దేవుళ్ళది. సీసా ఖాళీ అయినా పారెయ్యరు. చుట్టాలొస్తే కనపడాలి మరి, పిల్లల్ని ఎంత బలంగా పెంచుతున్నామో.

మా పక్క క్వార్టరు ఆదిబాబుది. మధ్యలో ఒకటే గోడ. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఫర్నేసు ముందు చేరాడు, నెత్తి నెరిసినా ఇంకా అక్కడే ఉన్నాడు. భార్య నూకమ్మ, కొడుకు సూర్యం, కోడలు అమ్మణ్ణి, ఏడాది నిండిన మనవరాలు లచ్చి. నా పేరు త్రేసమ్మ. నోరు కొంచెం ఎక్కువని లైనంతా అంటుంది. తక్కువున్నవాళ్ళు ఏం సాధించారో నాకైతే తెలీదు.

ఎనభై రెండు జూన్‌లో, ఎండ నిప్పులు చెరుగుతున్న రోజుల్లో, లచ్చికి విరేచనాలు పట్టుకున్నాయి. నూకమ్మ వెంటనే వైద్యం మొదలుపెట్టింది. ఆ వైద్యం ఏమిటంటే నీళ్ళు ఆపెయ్యడం. "పైనుంచి పొయ్యకపోతే కిందనుంచి ఏటొత్తది?" అంది. కుండ విషయంలో అయితే ఆ మాటకి తిరుగు లేదు. పిల్ల కుండ కాదని చెబితే వినేవాళ్ళెవరు?

నేను గోల పెట్టగా పెట్టగా సూర్యం కదిలాడు. అమ్మణ్ణినీ పిల్లనీ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు బెంగాలీ ఆయన, ఓపికమంతుడు. కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్ళలో చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార కలిపి, కొంచెం కొంచెంగా పడుతూనే ఉండాలి, తల్లిపాలు మాన్పించకూడదు అని చెప్పాడు. మళ్ళీ మా చేత చెప్పించుకున్నాడు కూడా. మేం లేచి వచ్చేస్తుంటే, "దాంతోపాటు ఈ విటమిన్ చుక్కలు కూడా వెయ్యండి, పిల్ల బలహీనంగా ఉంది" అని చిన్న సీసా ఇచ్చాడు. అంటే నీళ్ళు కచేరీ, చుక్కలు పక్కవాయిద్యం.

ఇంటికొచ్చేసరికి పక్కవాయిద్యం ఒక్కటే మిగిలింది.

వాళ్ళని మాత్రం ఏమంటాం? ఉప్పూ పంచదారా వంటింట్లో ఉంటాయి. వంటింట్లో దొరికేది మందెలా అవుతుంది? చుక్కలకైతే అట్టపెట్టె ఉంది, పెట్టె మీద బుగ్గల పాపాయి బొమ్మ ఉంది, గాజు గొట్టం ఉంది, నారింజ రంగు ఉంది, ఘాటైన వాసన ఉంది. ఆదిబాబు కాళ్ళూ చేతులూ కడుక్కుని, తూర్పుకి తిరిగి కూర్చుని, మనవరాలి నోట్లో చుక్కలు వేశాడు. నూకమ్మ చెంగు నెత్తిన కప్పుకుని దణ్ణం పెట్టుకుంది. హారతి ఒక్కటే తక్కువ.

"డాక్టర్ నే పానీ భీ బోలా థా, అమ్మా," అన్నాడు సూర్యం. డాక్టరు నీళ్ళు కూడా చెప్పాడుగా అని. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తల్లి తెలుగులో తిట్టినా వాడి జవాబు హిందీలోనే.

"ఆ డాట్రు బెంగాలోడు. ఆలకి నీళ్ళు సూత్తే సేపలు గుర్తొత్తాయి. మనకేటి?" అంది నూకమ్మ.

"ఉప్పునీళ్ళు మాకురా," అని ఆదిబాబు తీర్పు చెప్పాడు. "ఫర్నేసు ముందల నిలబడినోడికి కంపినీ ఇత్తాది. పసిగుంట ఏ ఫర్నేసు కాడ డూటీ సేసిందని?"

సూర్యం సైకిలెక్కి షిఫ్టుకి పోయాడు. ఈ మగవాళ్ళకి షిఫ్టు అనేది దేవుడిచ్చిన వరం. ఇంట్లో ఏ మాట తేలకపోయినా సైరన్ కూస్తే చాలు, చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తారు.

మర్నాడు పొద్దుట్నుంచీ పిల్ల ఏడుపు గోడ ఇవతలకి వినపడుతూనే ఉంది. ఏడ్చినప్పుడల్లా చుక్కలు. కక్కేస్తే, బలమంతా బయటికి పోయిందని మళ్ళీ చుక్కలు. నేను రెండుసార్లు వెళ్ళి నీళ్ళు పట్టమన్నాను. "పాఠాలు బళ్ళో సెప్పుకో అమ్మా," అంది నూకమ్మ. మధ్యాహ్నానికి ఏడుపు ఆగిపోయింది. కలుపుతున్న పిండి అలాగే వదిలేసి పరిగెత్తాను.

నూకమ్మ గుమ్మంలోనే వేలు పెదవి మీద పెట్టి నన్ను ఆపింది. "సప్పుడు సెయ్యకు పంతులమ్మా. ఇటమిన్ ఒంటబట్టింది. గుంట సుకంగా తొంగుంది." ఆవిడ మొహం వెలిగిపోతోంది.

పిల్ల నిద్రపోవడం లేదు. సగం తెరిచిన కళ్ళు లోపలికి పోయాయి. పెదాలు ఎండి పగిలాయి. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే ఆ ముడత అలాగే నిలబడిపోయింది. అమ్మణ్ణి పాలివ్వబోతే పిల్లకి నోరు తెరిచే ఓపిక లేదు.

ఆదిబాబు అప్పుడే డ్యూటీ దిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో కోడలు మామగారితో ముఖాముఖీ మాట్లాడదు. అన్నం వడ్డించానన్న మాట కూడా గోడకో తలుపుకో చెబుతుంది. గోడకి చెప్పిన మాట విని ఆయన లేచి వస్తాడు. ఆ రోజు గోడకి బదులు నేను దొరికాను.

"టీచరమ్మగోరూ, మాఁవని అడగండి," అంది అమ్మణ్ణి నా వైపే చూస్తూ. "ఫర్నేసు కాడ ఉప్పునీళ్ళు తాగకపోతే ఏటవుద్దో సెప్పమనండి."

ఆయన చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్నాడు. అయినా మర్యాద మర్యాదే. "ఆదిబాబుగారూ, ఫర్నేసు దగ్గర ఉప్పునీళ్ళు తాగకపోతే ఏమవుతుందట?" అని మాట అందించాను.

ఫర్నేసు సంగతి ఎత్తితే ఆయనకి ఒళ్ళు పొంగుతుంది. "ఏటవుద్దా? ఒంట్లో నీరంతా సెమటలో పోద్ది కదండీ. ముందల నోరెండిపోద్ది. కళ్ళు లోపలికి పీక్కుపోతాయి. ఉచ్చ కూడా రాదు. పిలిత్తే పలకడు. తొంగున్నాడనుకుంటాం గానీ అది నిద్ర కాదు. మా కొత్తలో ఒకడు అలాగే..." అంటూ మాటల్లోనే మనవరాలి వైపు చూశాడు.

ఎండిన ఆ పెదాల మీద వేలు పెట్టి చూశాడు.

"ఈ గుంట ఒంట్లో నీళ్ళు ఏటైపోనాయో కూడా అడగండి," అంది అమ్మణ్ణి.

ఆ మాట నేను అందించక్కర్లేకపోయింది. ఆదిబాబు లేచి వంటింట్లోకి వెళ్ళి, కాచిన నీళ్ళ గిన్నె తనే దించుకొచ్చి కోడలి ముందు పెట్టాడు. "మళ్ళీ పోతాయేమో," అని నూకమ్మ ఏడుపు గొంతుతో అడ్డం వచ్చింది. "పోతే మళ్ళీ పోద్దాం," అన్నాడు.

అమ్మణ్ణి డాక్టరు చెప్పినట్టే కలిపి చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. రిక్షా ఎక్కాక కూడా చెంచా ఆగలేదు. ఆసుపత్రిలో సూది గుచ్చి సెలైను ఎక్కించారు. ఆ ఓపికమంతుడు డాక్టరు మమ్మల్ని బెంగాలీలో చాలాసేపు తిట్టాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు చాలా హాయిగా అనిపించింది. సాయంత్రం లచ్చి నూకమ్మ చీరంతా తడిపేసింది. తడిసిన చీర చూసుకుని అంత మురిసిపోయిన ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. పిల్ల ఇంటికొచ్చాక ఆదిబాబుని కొళాయి దగ్గర లైనంతా చుట్టుముట్టి, ఎలా తగ్గిందని అడిగింది. ఏం చెబుతాడు పాపం? ఇంటి పెద్దమనిషి. 'మేం నీళ్ళు ఆపేసి పిల్లని చంపుకోబోయాం, మా కోడలు నా కళ్ళు తెరిపించింది' అని నలుగురిలో చెప్పుకుంటాడా? అవతల పరువుంది కదా.

"ఇటమినే," అన్నాడు మీసం సర్దుకుని. "ఆ సుక్కలు పడ్డాయి, గుంట లేసి కూకుంది."

అందరికంటే ముందు నిలబడి విన్నది ఎదురు క్వార్టరు దాలమ్మ. కూతురు పురిట్లోనే పోతే మనవణ్ణి ఆవిడే పెంచుతోంది. వాడు చంకలోంచి నా జడ పట్టుకుని లాగుతున్నాడు. తగ్గించింది చుక్కలు కాదు, ఉప్పూ పంచదారా నీళ్ళు అని నేను గట్టిగానే చెప్పాను. "ఇంటాయన సెప్తంటే మజ్జిన నీకేటి తెలుసు?" అని నవ్వారు. ఆదిబాబు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద లైనులో నిజం నమ్మించడానికి ఆ మనిషి ఒక్కడు నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున్న దాలమ్మ ఆదిబాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మణ్ణితో మాట్లాడుతూ నేనూ అక్కడే ఉన్నాను.

"అన్నా, మీ సీసాలో సుక్కలేవైనా మిగిల్తే ఇయ్యి. మేం తెచ్చింది అయిపోనాది. గుంటడికి ఇరేసనాలు."

ఆదిబాబు మొహం పాలిపోయింది. "నీళ్ళు పడతన్నావా?" అన్నాడు.

"నీళ్ళెందుకు పడతానన్నా? ఆపేసినాను కదా. ఎంత తెలివితక్కువదాన్నయినా అది తెల్దా?"

"ఎప్పటి కాణ్ణుంచి?"

"మొదలైన కాణ్ణుంచీ సుక్కలే. నువ్వు సెప్పినట్టే సేసినాను," అంది దాలమ్మ. "ఇప్పుడు ఏడుపు కూడా మానేసినాడు."

అమ్మణ్ణి నీళ్ళ గిన్నె పట్టుకుని అప్పటికే ఎదురింటికి పరిగెత్తింది. నేను రిక్షా కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను. రిక్షా దొరికింది. ఆసుపత్రికీ చేరాం. అప్పటికే పిల్లాడి ఒంట్లో సూది గుచ్చడానికి నరం దొరకలేదు. డాక్టరు ఈసారి ఎవర్నీ తిట్టలేదు.

పసివాళ్ళకి పాడె కట్టరు. చేతుల మీదే ఏటి ఒడ్డుకి తీసుకెళ్తారు. దాలమ్మ ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి లైనులో మగవాళ్ళే ముందుకి వచ్చారు. ఆదిబాబు అందరికంటే ముందు వెళ్ళి, తలవంచుకుని, రెండు చేతులూ చాపాడు. దాలమ్మ ఆ చేతుల వైపు చూసి, మనవణ్ణి వెనకాల నిలబడ్డ సూర్యం చేతికిచ్చింది.